ర్యాంక్‌డ్ మ్యాచ్‌లో తిట్టేవాళ్లతో ఎలా వేగాలి: మ్యూట్, రిపోర్ట్, మిగిలిన రౌండ్లు

మీరు అడిగింది ఇది: ఐదుగురు ఐదుగురితో తలపడే తుపాకీ ఆట వాలరెంట్‌లో గోల్డ్ ర్యాంకు, ముంబై సర్వర్, ఎక్కువగా ఒంటరిగానే క్యూ. వారంలో చాలా మ్యాచుల్లో టీమ్‌లో ఎవడో ఒకడు మైకులో బూతులు మొదలుపెడతాడు. తిరిగి తిడితే మీకే చాట్ బ్యాన్ పడింది. మ్యూట్ చేస్తే కాల్‌అవుట్లు (శత్రువు ఎక్కడున్నాడో టీమ్‌కి చెప్పే మాటలు) వినపడక రౌండ్లు పోతున్నాయి. రిపోర్ట్ కొట్టడం వల్ల అసలు ఉపయోగముందా అన్నది మీ చివరి సందేహం.

ముందు ఒక మాట. ఆ నలభై నిమిషాల మ్యాచ్‌లో అవతలివాణ్ని మార్చడం మీ చేతిలో పని కాదు. వాడి వల్ల మీ టీమ్ ఎన్ని రౌండ్లు పోగొట్టుకుంటుందో తగ్గించడం మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉంది. కింద చెప్పేదంతా ఆ లెక్కతోనే.

తిట్టేవాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి. వాలరెంట్‌ని చేసిన రయట్ గేమ్స్‌లో, వాళ్ల ఇంకో ఆట లీగ్ ఆఫ్ లెజెండ్స్ మీద జెఫ్రీ లిన్ అనే పరిశోధకుడి బృందం చేసిన పరిశీలనలో బయటపడ్డ సంగతి ఒకటుంది. ఎప్పుడూ విషం కక్కే ఆటగాళ్లు సుమారు ఒక శాతం మందే. మొత్తం చెడు ప్రవర్తనలో వాళ్ల వాటా దాదాపు 5 శాతం. మిగిలినదంతా మామూలుగా బాగానే ఉండే మనుషులు ఆ రోజు చిరాకులో ఉండి చేసిందే. అంటే మీకు తగిలేవాళ్లలో ఎక్కువమంది వరసగా రెండు మూడు మ్యాచులు ఓడి వచ్చినవాళ్లు. వీళ్లలో కొందరు ఒక్క మంచి మాటతో దారికొస్తారు. ఆ ఒక్క శాతం మాత్రం రారు. ఎవడు ఏ రకమో తేల్చుకోవడానికి మీకు ఒక్క ప్రయత్నం చాలు, రెండోది అక్కర్లేదు.

ఆ ఒక్క ప్రయత్నానికి వేళ ముఖ్యం. మనిషి ఆటలో చచ్చిపోయిన వెంటనే నోరు పారేసుకుంటాడు. అప్పుడు వాడికి చేయడానికి పని లేదు, మీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటాడు. ఆ క్షణంలో మీరు ఏం అన్నా అది గొడవే అవుతుంది. పైగా మీరింకా బతికి ఉన్నారు, శత్రువు అడుగుల చప్పుడు వినాల్సింది మీరే. అందుకే రౌండ్ ముగిసేదాకా నోరు విప్పొద్దు. తర్వాతి రౌండ్ ముందు వచ్చే 30 సెకన్ల బై ఫేజ్‌లో (తుపాకులు కొనుక్కునే సమయంలో) మాట్లాడండి. మాట ఎలా ఉండాలంటే, ముందు మీరు చేయబోయే పని, తర్వాత వాడికి ఒక పని. "నేను బి మెయిన్ స్మోక్ వేస్తా, నువ్వు ఎంట్రీ తీసుకో, నీ వెనకే ట్రేడ్‌కి ఉంటా." (బి మెయిన్ అంటే బి సైట్‌కి వెళ్లే దారి, స్మోక్ అంటే చూపుకి అడ్డంగా పొగ, ఎంట్రీ అంటే అందరికన్నా ముందు లోపలికి దూకడం, ట్రేడ్ అంటే మనవాణ్ని చంపినవాణ్ని వెంటనే చంపడం.) అంతే. "రిలాక్స్ బ్రో", "ఇది గేమే కదా", "నీ స్కోర్ చూసుకో" లాంటివి వద్దు. మొదటి రెండూ చులకన చేసినట్టు వినిపిస్తాయి, మూడోది నేరుగా నిప్పులో నెయ్యి.

గోల్డ్, ప్లాటినమ్ ర్యాంకుల్లో సగం గొడవలు ఆటలో తుపాకులు కొనే డబ్బు దగ్గరే పుడతాయి. మొదటిదైన పిస్టల్ రౌండ్ ఓడాక ఒకడు ఫోర్స్ కొంటాడు (ఉన్న డబ్బంతా పెట్టేస్తాడు), నలుగురు సేవ్ చేస్తారు (కొనకుండా దాచుకుంటారు), తర్వాతి రౌండ్‌లో వాడు "డ్రాప్, డ్రాప్" అని, అంటే తనకో తుపాకీ కొని ఇమ్మని అరుస్తాడు. ఇవ్వకపోతే తిట్లు. దీన్ని ముందే ఆపొచ్చు. వాండల్ తుపాకీకి 2900, హెవీ షీల్డ్ కవచానికి 1000, మొత్తం 3900. ఓడిన రౌండ్‌కి వచ్చేది మొదటిసారి 1900, రెండోసారి వరసగా ఓడితే 2400, ఆ తర్వాత 2900. ఓడిన రౌండ్ ముగిసీ ముగియగానే "ఈసారి అందరం సేవ్, వచ్చే రౌండ్ అందరికీ 3900 ఉంటుంది" అని అంకెతో చెప్పండి. "సేవ్ గయ్స్" అంటే ఎవడూ వినడు. అంకె చెబితే వింటారు, ఎందుకంటే అది ఆజ్ఞలా కాక లెక్కలా ఉంటుంది.

ఆ ఒక్క మాట పనిచేయకపోతే మ్యూట్. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు.

మొదటి పొరపాటు ఆలస్యం. ఏడెనిమిది రౌండ్లు భరించి, చేతులు వణికేదాకా ఆగి అప్పుడు మ్యూట్ చేస్తారు. అప్పటికే మీ గురి చెడింది. నా కొలత ఇది: మాటలో సమాచారం ఉందా లేదా. "ఎక్కడ చూస్తున్నావురా, జెట్ హెవెన్‌లో ఉంది కదా" అన్నవాడు కోపిష్టి, కానీ శత్రువుల్లో జెట్ అనే పాత్ర ఎక్కడుందో చెప్పాడు. వాణ్ని ఇంకొన్ని రౌండ్లు భరించవచ్చు. కేవలం మీ పుట్టుక గురించి మాట్లాడేవాడి దగ్గర పోగొట్టుకునేది ఏమీ లేదు, వెంటనే మ్యూట్ చేసేయండి. మీ అమ్మ గురించో, కులం గురించో, ఊరి గురించో ఒక్క మాట పడితే ఈ కొలత కూడా అక్కర్లేదు.

రెండోది, వాయిస్ ఒక్కటే మ్యూట్ చేసి టెక్స్ట్ వదిలేయడం. ఎస్కేప్ నొక్కి మ్యాచ్ పేజీలో వాడి పేరు దగ్గర వాయిస్, టెక్స్ట్ రెండూ ఆపాలి. వాయిస్ మూసుకుపోయిందని తెలియగానే వాడు టైపు చేయడం మొదలుపెడతాడు.

మూడోది అన్నిటికన్నా చెడ్డది. మ్యూట్ చేస్తున్నానని ప్రకటించడం. "మ్యూటెడ్, బై" అని చెప్పి మ్యూట్ చేస్తే, నోటితో చేయలేనిది వాడు ఆటతో చేస్తాడు. సేజ్ పాత్ర తీసుకుని మీ ముందు గోడ కడతాడు, మీ కళ్లు కనపడకుండా ఫ్లాష్ కొడతాడు. "రిపోర్ట్ చేస్తా" అని బెదిరించడమూ అంతే. రెండు టీమ్‌లకీ కనిపించే ఆల్ చాట్‌లో అవతలి టీమ్‌ని "మావాణ్ని రిపోర్ట్ చేయండి" అని అడిగితే, మీ టీమ్ విరిగిపోయిందని వాళ్లకి ఉచితంగా చెప్పినట్టు. మ్యూట్, రిపోర్ట్ రెండూ చడీచప్పుడు లేకుండా జరగాల్సిన పనులు.

మ్యూట్ చేస్తే కాల్‌అవుట్లు పోతాయన్నారు. నిజమే, కొంత పోతుంది. కానీ వాలరెంట్‌లో సమాచారం మైకులో ఒక్కటే రాదు. మీ టీమ్‌మేట్ చూస్తున్న శత్రువు మినీమ్యాప్ మీద ఎర్రగా కనిపిస్తాడు, చూపు తప్పాక చివరగా కనిపించిన చోట ప్రశ్నార్థకం గుర్తు మిగులుతుంది. కిల్ ఫీడ్ చూస్తే మీవాడు ఎవరి చేతిలో, ఏ తుపాకీతో పోయాడో తెలుస్తుంది. వాడు చచ్చిన చోటు తెలుసు కాబట్టి శత్రువు ఎటునుంచి వస్తున్నాడో సగం తెలిసినట్టే. ఈ ర్యాంకుల్లో చాలామంది మినీమ్యాప్‌ని రౌండ్‌కి రెండుసార్లు కూడా చూడరు. మూడు నాలుగు సెకన్లకోసారి కన్ను అటు పోయే అలవాటు చేసుకుంటే, మ్యూట్ చేసినవాడి మాటల లోటు చాలావరకు పూడుతుంది. మ్యాప్ చిన్నగా ఉంటే సెట్టింగ్స్‌లో సైజు, జూమ్ మార్చుకోండి. మీ వైపు నుంచి సమాచారం ఇవ్వడం మాత్రం ఆపొద్దు. మాట్లాడబుద్ధి కాకపోతే పింగ్ చేయండి (మ్యాప్ మీద గుర్తు పెట్టండి).

టెక్స్ట్ ఫిల్టర్ గురించి తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. గేమ్‌లో ఉండే బూతు ఫిల్టర్‌కి ఇంగ్లిష్ మాటలు బాగా తెలుసు. ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసిన తెలుగు తిట్లు, హిందీ తిట్లు చాలావరకు తప్పించుకుంటాయి. ఒక్కో తిట్టుకి నాలుగైదు స్పెల్లింగులు ఉంటాయి కాబట్టి. దానికోసమే సెట్టింగ్స్‌లో మ్యూటెడ్ వర్డ్స్ లిస్ట్ అని ఉంది. మీకు పదేపదే కనిపించే పది పన్నెండు మాటల్ని, ఒక్కోదాన్ని మూడు నాలుగు స్పెల్లింగుల్లో, అచ్చు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పెట్టి అందులో ఎక్కించండి. ఒక్కసారి పదిహేను నిమిషాలు పెడితే చాలు. అక్కడే పక్కన మీ పేరు పార్టీ బయటివాళ్లకి కనపడకుండా దాచే ఆప్షన్, ఫ్రెండ్ రిక్వెస్టులు వాటంతట అవే తిరస్కరించే ఆప్షన్ ఉంటాయి. రెండూ ఆన్ చేయండి. మ్యాచ్ అయ్యాక రిక్వెస్ట్ పంపి, యాక్సెప్ట్ చేయగానే తిట్లు మొదలుపెట్టేవాళ్లు బోలెడుమంది.

ప్రత్యర్థులతో మాటలు మీకు అసలు అక్కర్లేదు. లీగ్‌లో ఆల్ చాట్‌ని తీసేయకుండా, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో పెట్టి, కావాలనుకున్నవాళ్లు ఆన్ చేసుకునేలా మార్చినప్పుడు, వారం తిరిగేసరికి ప్రత్యర్థుల మధ్య చెడు చాట్ 30 శాతానికి పైగా తగ్గింది, మంచి చాట్ 35 శాతం దాకా పెరిగింది. ఒక స్విచ్ నొక్కే శ్రమ అడ్డుగా ఉంటేనే తిట్లు అంత తగ్గాయన్నమాట. మీ గేమ్‌లోనూ ఆ స్విచ్ మీరే నొక్కేయండి.

ఇక నోటితో కాక ఆటతో పాడుచేసేవాడు. వీడితోనే అసలు కష్టం, ఎందుకంటే మ్యూట్ బటన్ వీడి మీద పనిచేయదు. వాలరెంట్‌లో మనవాళ్ల బుల్లెట్లు మనకి తగలవు. పాత్రల ప్రత్యేక శక్తులైన ఎబిలిటీలు తగులుతాయి: బ్రిమ్‌స్టోన్ పాత్ర వేసే మాలీ (మంట), వైపర్ పాత్ర వేసే స్నేక్ బైట్ (విషపు మడుగు) మీ ప్రాణం తీస్తాయి, ఫ్లాష్ మీ కళ్లూ మూసేస్తుంది. కాబట్టి అలాంటివాడి పక్కన నిలబడకండి, వాడితో ఒకే ఇరుకు దారిలోకి వెళ్లకండి. తుపాకీ డ్రాప్ ఇవ్వకండి. దాడి వైపున ఉంటే వాడు స్పైక్ (సైట్‌లో పెట్టాల్సిన బాంబు) పట్టుకుని స్పాన్‌లోనే, అంటే రౌండ్ మొదలైన చోటే కూర్చుంటాడు. అప్పుడు ప్లాంట్ ఆశ వదులుకోవాలి. రౌండ్‌కి ఉన్నది 100 సెకన్లు, గడువు అయిపోతే దాడిచేసేవాళ్లదే ఓటమి. కాబట్టి మిగిలిన నలుగురూ విడిపోకుండా ఒకే గుంపుగా మొదటి 30, 40 సెకన్లలోనే ఒక సైట్ మీద పడి, ఒకడు పోతే పక్కవాడు ట్రేడ్ చేస్తూ ఐదుగుర్నీ చంపడానికి ఆడాలి. నిదానంగా ఆడితే గడియారమే ఓడిస్తుంది. రక్షణ వైపైతే వాణ్ని ఒంటరిగా ఒక సైట్‌కి వదలకండి, ఆ సైట్ పోయినట్టే లెక్కేసి, తిరిగి పట్టుకునే దారిలో ఇద్దరు ఉండండి. నలుగురితో గెలవడం కష్టమే. కానీ చాలా మ్యాచుల్లో వాడు రెండు రౌండ్లు మీరు గెలవగానే విసుగొచ్చి మళ్లీ మామూలుగా ఆడటం మొదలుపెడతాడు. చూసేవాడు లేని తమాషా ఎంతసేపు చేస్తాడు?

కోపంతో మ్యాచ్ వదిలి వెళ్లడం మాత్రం వద్దు. ఆర్‌ఆర్ (ర్యాంకు పాయింట్లు) పోతుంది, క్యూ నిషేధం పడుతుంది, రికార్డులో తప్పు మీదిగా నమోదవుతుంది. సరెండర్ ఓటు ఐదో రౌండ్ నుంచి పెట్టుకోవచ్చు. ర్యాంక్‌డ్‌లో పాడుచేసేవాడు కూడా ఒప్పుకోవాలి కాబట్టి దానిమీద ఆశ పెట్టుకోకండి.

రిపోర్ట్ ఉపయోగమా అంటే, ఉపయోగమే, సరిగ్గా రాస్తే. వర్గం ఎంచుకోవడంలోనే చాలా రిపోర్టులు వృథా అవుతాయి. బూతులు తిట్టినవాణ్ని "ఏఎఫ్‌కే" (ఆడకుండా వదిలేశాడు) కింద, బాగా ఆడలేనివాణ్ని "కావాలని పాడుచేశాడు" కింద కొడతారు. ఎవడైనా చెడ్డగా ఆడటం నేరం కాదు, అలాంటి రిపోర్టులు మీ మాట విలువనే తగ్గిస్తాయి. తిట్టింది మైకులో అయితే వాయిస్ వర్గం, టైపు చేస్తే టెక్స్ట్ వర్గం, రెండూ అయితే రెండూ. వివరాల పెట్టెలో ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు చాలు: ఏ రౌండ్లు, ఏం చేశాడు. "రౌండ్ 7, 9, 11లో సొంత టీమ్ మీద మాలీ వేశాడు" అన్నది "వీడు పెద్ద ట్రోల్" అన్నదానికన్నా వంద రెట్లు మేలు. తిట్టు తెలుగులోనో హిందీలోనో ఉంటే దాని అర్థం కూడా రాయండి. రయట్ వాయిస్ రికార్డుల్ని పరిశీలించే వ్యవస్థని 2022 జూలైలో ఉత్తర అమెరికాలో, ఇంగ్లిష్ మాటలతో మొదలుపెట్టింది. మన భాషలో తిట్టు దానంతట అదే పట్టుబడుతుందని నమ్ముకోకూడదు.

అందుకే క్లిప్ దాచుకోవడం నేర్చుకోండి. విండోస్‌లో గేమ్ బార్‌కి వెళ్లి బ్యాక్‌గ్రౌండ్ రికార్డింగ్ ఆన్ చేస్తే, విండోస్ కీ, ఆల్ట్, జి మూడూ కలిపి నొక్కగానే అప్పటిదాకా జరిగిన కొద్దిసేపటి ఆట సేవ్ అవుతుంది. ఎన్విడియా కార్డు ఉంటే ఇన్‌స్టంట్ రీప్లే, ఆల్ట్ ఎఫ్10. నిడివి మూడు నుంచి ఐదు నిమిషాలు పెట్టండి. 30 సెకన్లయితే తిట్టు ఉంటుంది కానీ ఎవడు మొదలుపెట్టాడో ఉండదు. గేమ్ లోపలి వాయిస్ చాట్ కూడా అందులో రికార్డవ్వాలి. ఒకసారి ముందే పరీక్షించి చూసుకోండి.

భాష గొడవ గురించి అడక్కపోయినా చెప్పాలి, ఎందుకంటే ముంబై సర్వర్‌లో మనవాళ్లకి తగిలే దెబ్బల్లో ఇది పెద్దది. "హిందీ మే బోల్" అనీ, "మద్రాసీ" అనీ మొదలవుతుంది. వాదించకండి. కాల్‌అవుట్లు ఎలాగూ ఇంగ్లిష్ మాటలే: చోటు, ఎంతమంది, ఎంత డ్యామేజ్. "బి మెయిన్, టూ, జెట్ హిట్ 84." ఇందులో హిందీ అవసరమే లేదు. ఇంకా ఎగతాళి చేస్తే మ్యూట్, రిపోర్ట్. ఇదే తప్పు మనవాళ్లూ చేస్తారు. ముగ్గురు తెలుగు స్నేహితులు పార్టీగా వచ్చి, టీమ్ వాయిస్‌లో తెలుగులోనే మాట్లాడుకుంటూ, మిగతా ఇద్దరినీ చీకట్లో వదిలేస్తారు. వాళ్లలో ఒకడు చిరాకుపడితే "టాక్సిక్" అంటారు. వాలరెంట్‌లో పార్టీ వాయిస్‌కి ఒక కీ, టీమ్ వాయిస్‌కి ఇంకో కీ ఉన్నాయి. మామూలుగా పార్టీకి యు, టీమ్‌కి వి. కబుర్లు పార్టీలో తెలుగులో, కాల్‌అవుట్లు టీమ్‌లో ఇంగ్లిష్‌లో. ఈ ఒక్క అలవాటుతో ఎన్నో గొడవలు పుట్టకుండానే పోతాయి.

మీరు వేరే గేమ్ కూడా ఆడితే కొద్దిగా తేడాలున్నాయి. డోటా 2లో బిహేవియర్ స్కోర్, కమ్యూనికేషన్ స్కోర్ వేరువేరుగా ఉంటాయి, గరిష్ఠం 12,000. మీ స్కోర్ పడితే మీలాంటి స్కోర్ ఉన్నవాళ్లతోనే మ్యాచ్ పడుతుంది. అంటే తిరిగి తిట్టేకొద్దీ మరింత తిట్టేవాళ్ల మధ్యకి మీరే వెళ్తారు. కౌంటర్ స్ట్రైక్‌లో 2020 నుంచి, మిగతావాళ్లకన్నా బాగా ఎక్కువ తిట్ల రిపోర్టులు పడినవాడు అందరికీ డిఫాల్ట్‌గా మ్యూట్ అయిపోతాడు. అక్కడ రిపోర్ట్ కొట్టడం నేరుగా ఫలితమిస్తుంది. బీజీఎంఐలో స్పీకర్‌ని "ఆల్" నుంచి "టీమ్"కి మార్చడం మొదటి పని, లాబీలో అరుపులు అక్కడే ఆగుతాయి.

అమ్మాయిలకి, పిల్లలకి ఎదురయ్యేది మామూలు తిట్టు కాదు, అది వేధింపు. దాన్ని "గేమింగ్‌లో ఇవన్నీ మామూలే" అని కొట్టేయడం తప్పు. మైకు ఆన్ చేయగానే అసభ్యంగా మాట్లాడినవాడికి మొదటి ప్రయత్నం, రెండో ప్రయత్నం ఏమీ ఉండవు. క్లిప్, మ్యూట్, రిపోర్ట్, అదే వరసలో. గేమ్ దాటి ఇన్‌స్టాలోకి, డిస్కార్డ్‌లోకి వెంటపడితే, ఫోన్ నంబరో ఇంటి చిరునామానో బయటపెడతానంటే, అది గేమ్ కంపెనీ పరిధి దాటింది. భారతీయ న్యాయ సంహితలో స్త్రీని వెంటాడి వేధించడానికి 78, స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటలకి 79, బెదిరింపుకి 351 సెక్షన్లు ఉన్నాయి. ఫిర్యాదు జాతీయ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో ఇవ్వొచ్చు. తెలంగాణలో షీ టీమ్స్‌ని కూడా ఆశ్రయించవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే చైల్డ్‌లైన్ 1098. బ్లాక్ చేసే ముందు ప్రొఫైల్ లింకు, యూజర్ ఐడీ, మెసేజీలు తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. మొదట బ్లాక్ చేస్తే చాలాచోట్ల ఆ మెసేజీలు తిరిగి చూడటం కష్టమవుతుంది.

చివరగా మీకు పడ్డ చాట్ బ్యాన్. ఎవడు మొదలుపెట్టాడన్నది ఆ వ్యవస్థ చూడదు, ఎవరు ఏ మాట వాడారన్నదే చూస్తుంది. మళ్లీ పడితే గడువు పెరుగుతుంది. బ్యాన్ ఎత్తేశాక కనీసం ఇరవై మ్యాచులు టైపు చేయడం పూర్తిగా మానేయండి, వాయిస్, పింగ్ చాలు. వరసగా రెండు ఓడితే ఆ పూటకి ర్యాంక్‌డ్ ఆపి, ర్యాంకు లెక్క లేని డెత్‌మ్యాచ్‌కి వెళ్లండి. ఇంకో లెక్క గుర్తుంచుకోండి: మీరు నోరు జారని మనిషైతే, మీ టీమ్‌లో తిట్టేవాడు రావడానికి నాలుగు స్థానాలే ఉన్నాయి, అవతలి టీమ్‌లో ఐదు. ఒక మ్యాచ్‌లో ఈ తేడా కనిపించదు. రెండు మూడు వందల మ్యాచులు దాటితే ఆర్‌ఆర్‌లో కనిపిస్తుంది, ఆ మ్యాచులన్నిట్లో మీరు తిరిగి తిట్టకుండా ఉంటేనే.